టేకు గూట్లో ఎర్ర నల్లి

తెనాలిలో నాకు చిన్న గడియారాల దుకాణం ఉండేది. దుకాణం అనడం కూడా పెద్ద మాటే. చెప్పుల కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఒక మనిషి ఒదిగి కూర్చునేంత చోటు. అక్కడ మా నాన్న ముప్ఫై ఏళ్లు కూర్చున్నాడు, ఆయన తర్వాత నేను కూర్చున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకి అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి. టైము ఫోనులో చూసుకోవడం అలవాటయ్యాక, చేతి గడియారం ఆగిపోయినా ఎవరికీ తొందర లేకుండా పోయింది. మధ్యాహ్నం పూట బల్ల ముందు ఊరికే కూర్చునేవాణ్ణి.

అప్పుడే నా భార్య కోళ్లు పెంచుతానంది. ఆమెది రేపల్లె. అక్కడ ఆమె అక్క ఇంటి వెనక ఎప్పుడూ నాటుకోళ్లు తిరుగుతుండేవి. ఇంట్లో మేం ఉర్దూలో మాట్లాడుకుంటాం, అందులో సగం తెలుగే కలుస్తుంది. ఆమె మాటల్ని ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"దొడ్లో అంత చోటు ఊరికే పడుందండి. గూడొకటి కట్టిపెట్టండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను," అంది.

గూడు కట్టే పని నాకు చిక్కడమే ఆలస్యం. మార్కెట్టు దగ్గర పాత బట్టల కొట్టు పడగొడుతుంటే దాని తలుపు చెక్కలు తెచ్చుకున్నాను. పాత కాలపు టేకు. ఎక్కడా మేకు కొట్టకుండా, చెక్కకి చెక్క గాడి తీసి బిగిస్తూ నెల రోజులు చేశాను. మూడు అంతస్తులు, అంతస్తుకో చిన్న తలుపు, లోపల కోళ్లు ఎక్కి పడుకోవడానికి అడ్డకర్రలు. అతుకు దగ్గర వెంట్రుక కూడా దూరదని గర్వంగా చెప్పుకునేవాణ్ణి. మా గోడ అవతల రిటైరైన తెలుగు మాస్టారు ఉండేవారు. శుద్ధ శాకాహారి ఇల్లు. ఆయన కూడా గోడ మీదుగా తొంగి చూసి, "ఇది గూడు కాదు సాయిబు గారూ, మేడ," అన్నారు.

రేపల్లె ప్యాసింజర్లో రెండు గంపల్లో ఎనిమిది పెట్టల్నీ ఒక పుంజునీ తెచ్చుకున్నాం. ఏడాదికి ముప్ఫై దాటాయి. ఆ ఏడాదంతా మా ఇంట్లో గుడ్డుకి లోటు లేదు.

రెండో ఎండాకాలంలో కోళ్లు గూట్లోకి వెళ్లడం మానేశాయి.

కోడికి పొద్దు గూకితే కళ్లు కనిపించవు. మగ్రిబ్ అజాను వినపడే వేళకి వాటంతటవే వరసగా లోపలికి వెళ్లిపోయేవి. అలాంటివి తలుపు దాకా వచ్చి ఆగిపోయేవి. మెడ చాచి లోపలికి చూసి, వెనక్కి తిరిగి జామచెట్టు ఎక్కేవి, గోడ ఎక్కేవి, బావి పక్కన తిరగేసిన బకెట్టు మీద నిలబడేవి. నా భార్య ఒక్కోదాన్నీ పట్టుకుని లోపల పెట్టేది. తెల్లారాక బయటికొచ్చినవి నిలకడగా నిలబడేవి కావు. తల మీది తురాయి ఎర్రగా ఉండాల్సింది ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలాగా అయింది. గుడ్లు సగానికి తగ్గాయి. పెట్టిన గుడ్డు మీద కూడా ఈగ రెట్టంత ఎర్రటి చుక్కలు ఉండేవి. ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ నీళ్లు పెట్టాం.

మణికట్ల దగ్గర నా భార్యకి దద్దుర్లు లేచాయి. సబ్బు మార్చింది. తగ్గలేదు.

గూటి కింది అంతస్తులో ఒక గోధుమరంగు పెట్ట పదకొండు గుడ్ల మీద పొదగ కూర్చుని ఉంది. ఒక ఉదయం నా భార్య దానికి నూకలు వేయడానికి తలుపు తీసింది. పెట్ట కదల్లేదు. రెండు చేతులా ఎత్తి బయటికి తీసింది. తీసి నా వైపు తిరిగి, "బరువే లేదండి," అంది.

నేనూ పట్టుకుని చూశాను. ఎండుటాకుల మూటలా ఉంది. తల ఒక పక్కకి వాలింది గానీ రెక్కలు ఇంకా కొంచెం విప్పే ఉన్నాయి, గుడ్లని కప్పిన తీరులోనే. దాని కింద గుడ్లు వెచ్చగా ఉన్నాయి. చివరి దాకా లేవలేదన్నమాట. గూడు తలుపు గడియ లేకుండానే ఉంది, ఎదురుగా చెట్టుంది, మిగతా కోళ్లన్నీ పారిపోయాయి. ఇది మాత్రం కూర్చుంది.

నా భార్య ఏడవలేదు. కొత్త గంప తెచ్చి, కొత్త గడ్డి పరిచి, ఒక్కో గుడ్డునీ గోరువెచ్చటి గుడ్డతో తుడిచి అందులో పెట్టింది. వంటింటి వసారాలో పొదుగు మీదున్న ఇంకో పెట్టని దాని మీద కూర్చోబెట్టింది. ఆ పనంతా అయ్యాక వెళ్లి మొహం కడుక్కుంది.

ఆ రోజే మాస్టారు గోడ దగ్గరికి వచ్చారు. టీవీలో బర్డ్ ఫ్లూ వార్తలు వస్తున్న కాలం అది.

"ఏంటి సాయిబు గారూ, కోడి పోయిందట?"

"అవునండి. పొదుగుతున్న పెట్ట."

"అనకూడదు గానీ, మా ఆవిడ భయపడుతోంది. ఆ జబ్బేమోనని." చెబుతూనే ఆయన మోచేతి మీద బరబరా గోక్కున్నారు. ఇంకో చెయ్యీ గోక్కున్నారు. నేను ఆయన చేతులకేసి చూశాను. నా భార్య మణికట్ల మీద ఉన్న దద్దుర్లే.

"ఎన్నాళ్ల నుంచండి ఆ దురద?"

"పది రోజులైంది. ఈ గోడ పక్కనే కదా నా మంచం. చెమటకాయలనుకున్నాను."

గూడు ఆ గోడకి ఆనించి ఉంది. ఇద్దరం ఒకేసారి గూటి వైపు చూశాం.

నేను వెళ్లి గూడు కింది అంతస్తు ముందు గొంతుకూర్చున్నాను. అడ్డకర్ర పక్క చెక్కలోకి దిగే చోట బూడిద అంటినట్టు సన్నటి మసక ఉంది. వేలితో రుద్దాను. వేలి మీద ఎర్రటి గీత పడింది. రక్తం. ఎక్కడైనా గీసుకుందేమోనని వేలు చూసుకున్నాను. నా వేలికి గాయం లేదు.

చొక్కా జేబులో ఐగ్లాసు ఉంది. గడియారం విప్పినప్పుడు కంటికి బిగించుకునే భూతద్దం అది. చిన్న వస్తువుని పదింతలు చేసి చూపిస్తుంది. ఇరవై ఏళ్లుగా దాంతోనే చూస్తున్నాను. ఆవగింజకన్నా చిన్న మరలు, వెంట్రుక లాంటి స్ప్రింగులు చూశాను. చిన్నదంటే ఏంటో నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. దాన్ని కంటికి బిగించి ఆ అతుకు మీదికి వంగాను.

బూడిద నడుస్తోంది.

మొదట నా కన్నే అదిరిందనుకున్నాను. ఊపిరి బిగబట్టి మళ్లీ చూశాను. ఒకటి కాదు, వంద కాదు. ఒకదాని మీద ఒకటి, కాళ్ల మధ్య కాళ్లు పెట్టుకుని గుమిగూడి ఉన్నాయి. కొన్ని పాలిపోయి బూడిదరంగులో ఉన్నాయి. కొన్ని ఉబ్బి ఎర్రగా ఉన్నాయి, దానిమ్మ గింజలా లోపలి ఎరుపు బయటికి కనపడుతూ. ఆ ఎరుపు మా పెట్టది. ఒకదాని చర్మం ఎంత పల్చగా ఉందంటే, తాగిన రక్తం దాని పొట్టలో పాయలు పాయలుగా సర్దుకుని ఉండడం కనిపించింది. కాళ్లు లెక్కపెట్టాను. ఎనిమిది. ప్రతి కాలికీ కీళ్లున్నాయి. ఒక్కో కీలూ సరిగ్గా వంగుతోంది.

ఊపిరి వదిలాను. నా శ్వాస తగలగానే అన్నీ ఒక్కసారిగా కదిలాయి, నా వైపే. వెనక్కి పడినంత పని చేశాను.

నాకు భయం వేసింది. అసహ్యం కూడా వేసింది. కానీ వాటికన్నా ముందు ఇంకేదో కలిగింది, దానికి సరైన మాట ఇప్పటికీ దొరకలేదు. మసీదులో మొదటి వరసలో నిలబడినప్పుడు ఒక్కోసారి అలా ఉంటుంది. ఇంత చిన్నదానికి ఆకలి పెట్టినవాడు, నా ఊపిరి ఆనవాలు పట్టే తెలివి కూడా పెట్టాడు. నేను బిగించిన అతుకులో వెంట్రుక దూరదు. ఇవి దూరి కాపురం పెట్టాయి.

ఐగ్లాసు గోడ మీదుగా మాస్టారికి అందించి, అతుకు తుడిచిన కాగితం ముక్క ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు చూశారు. "ఇంత చిన్న ప్రాణికి ఎనిమిది కాళ్లా," అని మాత్రం అన్నారు. ఆ తర్వాత బర్డ్ ఫ్లూ మాట ఎత్తలేదు.

పశువుల ఆసుపత్రిలో కొత్తగా చేరిన డాక్టరమ్మ ఉండేది. బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చేది. పాతికేళ్లు దాటి ఉండవు. ఖాళీ మాత్రల డబ్బాలో కొన్నింటిని వేసి మూత బిగించి తీసుకెళ్లాను. ఆమె మూత తీయకుండానే వెలుతురుకి పట్టి చూసింది.

"ఇవి పేలు కావు బాబాయ్. పేను కోడి మీదే ఉంటుంది. ఇది ఎర్ర నల్లి. దీని కాపురం కొయ్యలో, భోజనం కోడి మీద. చీకటి పడ్డాక వచ్చి తాగి, తెల్లారేలోపు సందులోకి వెళ్లిపోతుంది. అందుకే పగలు కోడిని పట్టుకుని వెతికితే ఏమీ దొరకదు."

"మరి మా పెట్ట చచ్చిపోయిందండి. పొదుగుతోంది."

"పొదిగే పెట్ట కింద రోజంతా చీకటే కదా." ఆమె డబ్బా నాకు తిరిగిచ్చింది. "లేచి వెళ్లుంటే బతికేది."

సాయంత్రం రైలుకి టైముందని, దారిలోనే మా ఇంటికి వచ్చింది. గూడు చుట్టూ ఒకసారి తిరిగింది. అతుకుల మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఎవరు చేశారండి ఇది?"

"నేనే."

"చాలా బాగుంది. అదే వచ్చింది తంటా. వీటికి ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదు."

నవ్వుతూ అనలేదు, నిజంగానే అంది. నా భార్య నా మొహం చూడకుండా టీ పెట్టడానికి వెళ్లింది.

డాక్టరమ్మ చెప్పిన పని తేలికగానే ఉంది. కోళ్లని బయటపెట్టాలి. గూడు విప్పి సందులన్నీ గీకాలి. మరిగే నీళ్లు పొయ్యాలి, మంట పెట్టాలి, ఆ తర్వాత మందు కొట్టాలి. మందు కొట్టినప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. ఆమె చెప్పినన్ని రోజులు గుడ్లు తినకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. ముఖ్యమైనది మాత్రం చివర చెప్పింది.

"మందు గుడ్డుని చంపదు బాబాయ్. ఇవాళ అన్నీ చచ్చినా రెండు మూడు రోజుల్లో గుడ్లలోంచి పిల్లలొస్తాయి. అవి పెద్దవై మళ్లీ గుడ్లు పెట్టేలోపు మీరు రెండోసారి కొట్టాలి. వారం అంటే వారమే. బాగానే ఉన్నాయి కదా అని ఊరుకున్నారంటే మళ్లీ మొదటికే వస్తుంది."

గూడు విప్పడానికి ఒక పగలంతా పట్టింది. మేకులు లేవు కాబట్టి, బిగించిన వరసకి ఎదురు వరసలో ఒక్కో చెక్కా ఊడదీశాను. ఒక్కో అతుకు తెరిచినప్పుడల్లా లోపల ఒక ఊరు. సందు అడుగున ముత్యాల్లా తెల్లటి గుడ్లు. వాటి పక్కన పొట్టులా రాలిన చర్మాలు. ఆ చర్మాల మధ్య తెల్లటి పిల్లలు. ఐగ్లాసుతో లెక్కపెడితే వాటికి ఆరు కాళ్లే ఉన్నాయి. నా లెక్క తప్పిందేమోనని మర్నాడు డాక్టరమ్మని అడిగాను. సరిగ్గానే చూశానంది. పుట్టినప్పుడు ఆరే. అప్పటికి ఏమీ తినదు కూడా. చర్మం విడిచాకే ఎనిమిది కాళ్లూ, ఆకలీ వస్తాయట.

అన్నిటికన్నా గట్టిగా బిగిసింది అడ్డకర్ర కొస. నాకు అదే ఎక్కువ గర్వం. సుత్తితో తట్టి తట్టి ఊడదీశాను. గాడి నిండా అవే, చెక్క కనపడకుండా. ఆ కొసని చేతిలో పట్టుకుని ఎండలో నిలబడిపోయాను. ఇన్నాళ్లూ రోజుకి రెండుసార్లు ఈ గూటి ముందు నిలబడ్డాను. చేత్తో తడిమి మురిసిపోయాను.

"నిలబడితే నీళ్లు చల్లారిపోతాయండి," అంది నా భార్య. మరిగే నీళ్ల డేగిసా పట్టుకుని ఉంది.

ఆ రోజు ఆమె పని చూశాను. చీర చెంగు నడుముకి చుట్టి, ప్రతి గాడిలోకీ సన్నటి ధారగా నీళ్లు పోసింది. రాగి పని చేసే మా తమ్ముడి దగ్గర్నుంచి మంట ఊదే దీపం తెచ్చి నేను చెక్కల అంచులు కాల్చాను. చిటపటమని సన్నటి చప్పుడు వచ్చింది, ఆవాలు వేగినట్టు. సాయంత్రానికి మొదటి విడత మందు చల్లి, గోడకి సున్నం కొట్టాం. మాస్టారు అవతల పక్క తానే కొట్టుకున్నారు, ఆ వయసులో, పంచె ఎగగట్టి.

మరి ఆ చెక్కలతో గూడు మళ్లీ కట్టలేదు. అంచులు కాల్చినా నమ్మకం కుదరక పొయ్యిలో పెట్టేశాం. గాడీ సందూ లేని గూడు కావాలి. మూలన రేకు కప్పు వేసి, చుట్టూ ఇనప జాలీ కట్టి, అడ్డకర్రలకి బదులు ఇనప గొట్టాలు పెట్టాం. వాటి కాళ్లని ఖాళీ డబ్బాల్లో నిలబెట్టి, నల్లి పైకి పాకకుండా డబ్బాల్లో వాడేసిన ఇంజనాయిలు పోశాం. గోడకి ఏదీ తగలకుండా జానెడు ఎడం. చూడ్డానికి సైకిల్ స్టాండులా ఉంది. పక్కన గొయ్యి తీసి పొయ్యి బూడిదా ఇసకా కలిపి పోస్తే కోళ్లు అందులో పొర్లాడేవి.

ఏడో రోజు పొద్దున్నే లేచేసరికి నా భార్య ముక్కుకి గుడ్డ కట్టుకుని మందు డబ్బా భుజాన వేసుకుని ఉంది. ముందు రోజు ఐగ్లాసుతో అంతా వెతికాను, ఒక్కటీ కనపడలేదు. ఆ మాటే చెప్పాను.

"మీకు కనపడలేదంతే," అంది. మూడోసారి కూడా ఆమే గుర్తుపెట్టుకుని కొట్టింది.

పది రోజులకి కోళ్లు అజాను వేళకి వాటంతటవే గొట్టాలెక్కడం మొదలుపెట్టాయి. నెలన్నరకి తురాయిలు ఎర్రబడ్డాయి. వసారాలో పెట్టిన పదకొండు గుడ్లలో ఏడు పిల్లలయ్యాయి. మాస్టారి దురద తగ్గిపోయింది. ఆయన భార్య గోడ మీదుగా మాకు గోంగూర పచ్చడి పంపింది.

ఒక తప్పు నేను చేశాను. టేకు చెక్కలన్నీ కాల్చేశాం గానీ ఒకదాన్ని దాచుకున్నాను. పై అంతస్తు తలుపు పైనుండే పట్టీ, నెమలి ఈకలా చెక్కింది. దాన్ని కాల్చడానికి చెయ్యి రాలేదు. నీళ్లు పోశాను కదా అనుకుని, ప్లాస్టిక్ సంచిలో చుట్టి దుకాణంలో అటక మీద పెట్టాను. ఇంట్లో చెప్పలేదు.

వర్షాలు వెళ్లి చలి వచ్చాక, దుకాణం సర్దుతుంటే ఆ సంచి చేతికొచ్చింది. అయిదారు నెలలై ఉంటుంది. బల్ల మీద తెల్ల కాగితం పరిచి పట్టీని దాని మీద పెట్టాను. చీలిక ఒకటి ఉంటే సూది మొనతో విప్పాను. కాగితం మీద దుమ్ము రాలింది. ఐగ్లాసు పెట్టుకుని చూశాను.

అట్టలా పల్చబడి, తెల్లగా, కాళ్లు ముడుచుకుని ఉన్నాయి. అన్నీ చచ్చినవే అనుకున్నాను. కాసేపు అలాగే చూస్తున్నాను. నా శ్వాస వాటి మీద పడుతూనే ఉంది. అప్పుడు ఒకటి ఒక కాలు చాపింది. ఇంకో కాలు చాపింది. లేచి నిలబడింది. చుట్టుపక్కల మరో మూడు నాలుగు లేచాయి. ఆరు నెలలుగా మెతుకు లేదు, నీటి చుక్క లేదు. వెచ్చటి ఊపిరి ఒకటి ఎప్పుడో తగులుతుందని ఆ చీలికలో కూర్చున్నాయి. నేను రంజాన్లో ముప్ఫై రోజులు ఉపవాసం ఉంటాను, అదీ పగలే. దుకాణం ముందునుంచి బస్సులు పోతున్నాయి, పక్క షాపులో ఎవరో తలనొప్పి మాత్రలు అడుగుతున్నారు. ఆ కాగితం మీద తెల్లటి చుక్క నా వైపు నడిచి వస్తోంది.

కాగితంతో సహా పట్టీని వెనక సందులోకి తీసుకెళ్లి కిరసనాయిలు పోసి కాల్చాను. బూడిద అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. ఇంటికెళ్లి నా భార్యకి ఉన్నదంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. "ఆరు నెలలా?" అని అడిగింది. మళ్లీ కాసేపటికి, బియ్యం ఏరుతూ ఏరుతూ, "ఆరు నెలలా," అంది.

మరుసటి ఎండాకాలం రేపల్లె నుంచి వాళ్ల అక్క ఫోన్ చేసింది. కోళ్లు గూట్లోకి వెళ్లడం లేదని. నా భార్య ఇంకేమీ అడగలేదు. "వేడి నీళ్లు పెట్టు అక్కా, పొద్దున రైలుకి వస్తున్నాం," అంది.

మేం వెళ్లేసరికి ఆ వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు అయిదారుగురు చేరారు. వాళ్లలో సగం మందికి కోళ్లున్నాయి. నేను మాట్లాడబోయాను గానీ నా భార్య నా జేబులోంచి ఐగ్లాసు తీసుకుంది. గూటి కర్ర సందులోంచి దుమ్ము కాగితం మీదికి దులిపి, ఒక్కొక్కరికీ చూపించింది. వారం లెక్క చెప్పింది. గుడ్డు చావదని చెప్పింది. సందు ఎక్కడుంటే అది అక్కడుంటుందని, గూడు అందంగా ఉందా లేదా అని చూడొద్దని చెప్పింది. నా వైపు చూడలేదు. చదువు అయిదో తరగతితో ఆగిన మనిషి. డాక్టరమ్మ చెప్పినవే కాదు, తాను చూసినవి కూడా కలిపి చెబుతోంది. పదిహేనేళ్ల కాపురంలో ఆమె పదిమంది ముందు నిలబడి అంతసేపు మాట్లాడడం నేను చూడడం అదే మొదటిసారి. వెనక అరుగు మీద కూర్చుండిపోయాను.

అందరికన్నా చివర వాళ్ల అక్క అత్తగారు వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ కోళ్ల మధ్యే ఉన్న ముసలావిడ. ఐగ్లాసు కంటికి నిలవకపోతే నా భార్య చేత్తో పట్టుకుంది. ఆవిడ చూస్తూనే ఉంది. పక్కనున్న వాళ్లు ఇంక చాలన్నా లేవలేదు.

"అరవై ఏళ్లు దీనికి గోక్కున్నాను," అంది చివరికి, కాగితం మీంచి తల ఎత్తకుండానే. "దీని మొహం ఇవాళ చూశాను."

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. నా భార్య చెంగు నడుముకి చుట్టుకుంది.